ఇనుము నల్లబడిన ఎండాకాలం

మాకు పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. అందులో నా భర్త సత్తార్ ఇంట్లో ఉన్నది ఐదువందల ఎనభై రోజులు. పెళ్ళయిన కొత్తలో నలభై. ఆ తర్వాత రెండేళ్ళకొకసారి వచ్చిన సెలవులు తొమ్మిది, ఒక్కొక్కటి అరవై రోజులు. ఈ లెక్క నేను ఎక్కడా రాసుకోలేదు. శనక్కాయ పొట్టు వ్యాపారం చేసేదాన్ని, లారీని చూసి ఎన్ని టన్నులో చెప్పగలను. మొగుడు ఇంట్లో ఉన్న రోజులు గుర్తుండవా? మా గోడౌనుకు పొట్టు తోలే కొండాపురం డ్రైవరు ఆయనకంటే ఎక్కువసార్లు మా ఇంట్లో చాయ్ తాగినాడు.

పోయిన ఎండాకాలం ఆ లెక్కకు తొంభై ఆరు రోజులు కలిపింది.

రంజాన్ పండగైన మూడో రోజు దిగినాడు. ఆయన పని ఖతార్‌లో, నేల కింది గ్యాసును నూనెగా మార్చే పెద్ద ప్లాంటులో. ఎప్పుడూ రెండు నెలలకు మించి ఉండని మనిషి ఈసారి జులై ఎనిమిదికి టికెట్టు తీసుకుని వచ్చినాడు. ఎందుకని నేను అడగలేదు. సరుకు ఎక్కువ దిగితే ఎందుకు ఎక్కువ దిగిందని ఎవరూ అడగరు.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద మా రేకుల గోడౌను. వచ్చిన నాలుగో రోజు సాయంత్రం నాతోపాటు అక్కడికి వచ్చినాడు. నేను బస్తాల వరస మీద చేయి పెట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, బస్తా మూతి కుట్టు తెంపినాను.

"బాగా కుట్టిన మూట. యాల ఇప్పుతాండావు?" అన్నాడు.

"వెచ్చగుండాది. లోపల తేమ ఉండాది. ఇప్పి గాలి తగలనీకపోతే పొద్దునకు పొగ లేస్తాది."

నాలుగేళ్ళ కిందట అట్లాంటి ఒక్క బస్తాతో సగం గోడౌను బొగ్గయింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఫోన్లో "అంతా బాగుండాది" అన్నాను. ఆయన కూడా ఎప్పుడూ అదే మాట అంటాడు. మా ఇద్దరి కాపురం ఆ రెండు మాటల మీదే నడిచింది.

గుప్పెడు పొట్టు తీసి వాసన చూసినాడు. "ఇది యాడికి పోతాది మైమూనా?"

"ఇటికె బట్టీలకు. బాయిలర్లకు."

"అంతా కాల్చేకేనా?"

"కాల్చేకి గాక తినేకా?"

నవ్వినాడు. బస్తా మీద కూర్చుని, తన పని గురించి మొట్టమొదటిసారి నాకు చెప్పినాడు. "దీన్ని చాలీచాలని గాలితో కాలిస్తే మండే గ్యాసు వస్తాది. దాన్ని కడిగి, నొక్కిపెట్టి, కాగిన ఇనుము మీదుగా పంపితే నూనె అవుతాది. డీజిలు మాదిరి."

"ఇనుము మీదనా?"

"మా ప్లాంటులో కోబాల్టు వాడతారు. అది అందరికీ దొరికేది కాదు. ఈ పొట్టు గ్యాసులో హైడ్రోజన్ తక్కువ. ఇట్లాంటి గ్యాసుకు ఇనుమే సరి. తక్కువైంది తనే సర్దుకుంటాది ఇనుము."

వ్యాపారం చేసేవాళ్ళు అడిగే మాటే అడిగినాను. "ఎవురు కొంటారు?"

"కొనేది తర్వాత సంగతి." చేతిలో పొట్టు దులుపుకున్నాడు. "పులివెందుల ఇంజనీరింగ్ కాలేజీలో శరత్ చంద్ర అని ఒక సార్ ఉన్నాడు. రెండేండ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటాండాము. గొట్టం, కంప్రెసరు ఆయన ఇస్తాడు. జమ్మలమడుగులో మూతపడిన నూనెమిల్లు ఒకటి ఉండాది, పొట్టు కాల్చి గ్యాసు చేసే పొయ్యి అందులో ఉండనే ఉంది. జూన్ పద్దెనిమిదిన, ఇట్లాంటి పనులకు డబ్బిచ్చే కమిటీ వాళ్ళు వస్తారు. వాళ్ళ కండ్ల ముందర మొదలుపెట్టి, పదైదు దినాలు ఆపకుండా నడిపి చూపిస్తే రెండేండ్ల ప్రాజెక్టు ఇస్తారు. దాన్ని నడిపేకి ఒక మనిషి కావాల."

"ఆ మనిషివి నువ్వు."

"ఊ."

"అప్పుడు నువ్వు పోవు."

"పోను."

మూతి విప్పిన బస్తాను పక్కకు దొర్లించి నేనూ కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ వ్యాపారంలో సరుకు చూడకుండా నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే.

ఆ ఇనుము అంగట్లో దొరికేది కాదు. తయారు చేసుకోవాల. కలమల్ల దగ్గర లేతు మిషన్ల షెడ్లలో ఇనుప రజను ఎత్తుకొచ్చినాము. దాన్ని ఆసిడ్‌లో కరిగించి, సోడా నీళ్ళు పోస్తే ఎర్రమన్ను మాదిరి అడుక్కు దిగుతుంది. అందులోకి రవ్వంత రాగి, రవ్వంత పొటాషు కలపాల. రాగి కోసం ప్రొద్దుటూరులోనే రంగనాయకులు బంగారు అంగడికి పోయినాము. బంగారం శుద్ధి చేసేటప్పుడు అందులోని రాగి ఆసిడ్‌లో కరిగి, వెండి తీసేసినాక పచ్చటి నీళ్ళు మిగులుతాయి. అవి కావాలి మాకు.

"ఏమమ్మా మైమూనమ్మా," అన్నాడు రంగనాయకులు, "ఇరవై ఏండ్లుగా మా అంగడి ముందర నుంచే పోతాండావు. ఒక్కనాడు లోపలికి రాలేదు. ఇప్పుడొచ్చి మురికి నీళ్ళు అడుగుతాండావా?"

"బంగారం అడిగే దినం గూడా వస్తాదిలే అన్నా."

"ఎప్పుడు? సత్తారు తలకాయ నెరిసిపోయె. ఏమప్పా సత్తారూ, ఆడ షేకులకు నూనె తీసిచ్చి, ఈడ మాకు పచ్చనీళ్ళలో చేయి పెట్టిస్తాండావు."

"నూనె వస్తే మొదట నీ స్కూటర్లోకే పోస్తాలే మామా."

"పోద్దువులే. అది ఎట్లా నడిచేది లేదు," అన్నాడు రంగనాయకులు. రెండు క్యాన్లు నింపించి ఇచ్చినాడు.

పొటాషుకు మా అత్త లాల్‌బీ ఉంది. పొట్టు బూడిదను నీళ్ళలో నానబెట్టి, తేట తీసి కాచమని ఆయన చెప్తుంటే ఆమె నోరు తెరుచుకుని విన్నది. "గల్ఫులో పందొమ్మిదేండ్లుండి నేర్చుకున్నది బూడిద నానబెట్టేదా? నన్నడిగింటే నీ పెండ్లికి ముందే నేర్పుదును గదరా. చీరలు ఉడకబెట్టేకి మా అమ్మ ఇదే తేట తీస్తాండె." నాలుగు రోజులు ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఇద్దరం కలిసి చేసినా ఆమె తీసినంత తేట రాలేదు.

కడగడం, ఆరబెట్టడం, గింజలుగా చేయడం, గొట్టంలో నింపడం, ఆపైన గ్యాసుతో మెల్లగా కాచి ఆ ఇనుమును పనికి తయారు చేయడం, అన్నిటికీ కలిసి ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఎర్రగా లోపలికి పోయిన ఇనుము కార్బన్ తిని నల్లబడుతుందని చెప్పినాడు. నల్లబడితేనే పని చేస్తుంది.

జమ్మలమడుగు మిల్లులో మాకు ఒక గది, రెండు మంచాలు, గోడకు గ్యాసు లీకైతే మోగే డబ్బా ఒకటి. ఒకరు గోడౌను చూసుకోవాలి కాబట్టి అత్తను ప్రొద్దుటూరులోనే ఉంచి నేను ఆయనతో వచ్చేసినాను. అరగంటకొకసారి ఆయన మీటరు చూసి అంకె చెప్తే నేను పుస్తకంలో రాసేదాన్ని. ఇద్దరం ఒకే పని చేసిన రోజులు మా కాపురంలో అవే. నలభై మూడేళ్ళ మనిషి పాలపొడితో తప్ప చాయ్ తాగలేడని అప్పుడు తెలిసింది. విడిచిన చొక్కా దండెం మీద వేయడని, ఉతికింది ఉతికినట్టే పెట్టెలో మడిచి పెడతాడని తెలిసింది. తాళం కూడా వేస్తాడు.

"ఎవురు ఎత్తకపోతారని?" అంటే, "అలవాటు," అన్నాడు.

జూన్ పన్నెండున, మధ్యాహ్నం, కింది కొళాయి నుంచి సీసాలోకి చుక్కలు దిగినాయి.

"నీళ్ళప్పా ఇవి," అన్నాను.

"కిందివి నీళ్ళే. పైన సూడు."

పైన వేలెడు మందాన ఇంకోటి తేలుతోంది. నీళ్ళకంటే తేటగా ఉంది. కిరసనాయిలు వాసన లేదు, డీజిలు వాసన లేదు. ఆరిపోయిన కొవ్వొత్తి దగ్గర వచ్చే వాసన. ఆయన దూదిని వత్తి చేసి అందులో ముంచి వెలిగించినాడు. ఎండలో మంట కనపడలేదు. చేయి దగ్గర పెడితే చురుక్కుమనింది.

నేను లెక్క వేసినాను. పొయ్యిలోకి మూడు బస్తాలు పోయినాయి, గ్లాసుకు తక్కువ వచ్చింది. ఇంత తరుగున్న సరుకు నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ రోజు సాయంత్రం ఆయన చొక్కా దండెం మీద ఉంది. నేను దాన్ని చూసినట్టు చూపించుకోలేదు. చూస్తే మళ్ళీ పెట్టెలోకి పోతుందేమోనని భయం.

మూడు రోజులు నడిపి చూసి ఆపినాము. కమిటీ ముందర మొదటి గంట నుంచి లెక్క మొదలు కావాలి. వాళ్ళు వచ్చే ముందు రోజు, జూన్ పదిహేడున, తెల్లవారి లేచి మళ్ళీ గొట్టం కాచి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకుని, వేడి ఆపేసి, లోపల నైట్రోజన్ నింపినాడు. తొమ్మిది గంటల బస్సుకు పులివెందులకు పోయినాడు, శరత్ చంద్ర దగ్గర కాగితాలు చూసుకుని రావడానికి.

"నైట్రోజన్ ఉండాది, భయం లేదు. నువ్వు ఊరికే కాపలా ఉండు," అన్నాడు.

ఎందుకు నింపినాడో చెప్పలేదు. నేను అడగలేదు. ఎవరి భయం వాళ్ళ దగ్గరే పెట్టుకోవడం మాకు పందొమ్మిదేళ్ళ అలవాటు.

మూడు గంటలకు నేను గొట్టం మీద చేయి పెట్టినాను. ఏ సరుకు దగ్గరున్నా పొద్దుగుంకేలోపల ఒకసారి చేయి పెట్టకుండా ఉండలేను. వెచ్చగా ఉంది. పొద్దున ఎనిమిదికి ఆపిన వేడి. కొంచెం సేపు ఆగి మళ్ళీ పెట్టినాను. అంతే వెచ్చగా ఉంది. పైన చుట్టిన ఉన్ని వేడిని పట్టి ఉంచుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు గుర్తొచ్చింది కొళాయిలోంచి దిగిన నీళ్ళు. మూడు రోజులు నీళ్ళు కారిన గొట్టం. లోపల తేమ నిలబడింది, సరుకు వెచ్చబడింది. రేపు పొద్దునకు కమిటీ వచ్చి విప్పితే మాడిపోయిన సరుకు కనపడుతుంది. కొనేవాడి ముందు విప్పి సిగ్గుపడేకంటే ముందే మనం విప్పి చూసుకోవాలి. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ జాగ్రత్తే.

ఆయనకు ఫోన్ చేసినాను. బస్సులో ఉన్నాడేమో, తగల్లేదు. రెండోసారి చేయలేదు.

స్పానరుతో పైమూత నట్లు ఒక్కొక్కటే వదులు చేసినాను. బుస్సుమని గాలి వచ్చింది. ఆవిరి పోతోంది, మంచిదే అనుకున్నాను. మూత తీసి పక్కన పెట్టినాను.

రెండు నిమిషాల తర్వాత మైనం కాలిన వాసన వచ్చింది. నేను మూత ఎత్తి మళ్ళీ గొట్టం మీద అదిమి పట్టుకున్నాను. అరచేతులు కాలినాయి. వదల్లేదు. అప్పటికే లోపల అయిపోయింది.

సాయంత్రం ఆరింటికి వచ్చినాడు. గడపలోనే నిలబడి వాసన పీల్చినాడు.

"నేనే ఇప్పినా," అన్నాను. "వెచ్చగుండె."

గొట్టం దగ్గరికి పోయి, లోపలికి టార్చి వేసి చూసి, టార్చి ఆర్పేసినాడు. నల్లటి ఇనుము మళ్ళీ ఎర్రగా, గడ్డ కట్టి ఉంది. మళ్ళీ చేయాలంటే ఇరవై నాలుగు రోజులు. టికెట్టుకు ఇరవై ఒకటి.

"తయారైన ఇనుముకు గాలి తగిలితే కాలిపోతాది," అన్నాడు మెల్లగా. "అందుకే నైట్రోజన్. చెప్పలేదు గదా నేను."

"అడగలేదు గదా నేను."

"చేతులు చూపించు."

చూపించినాను. ఊళ్ళోకి పోయి మందు తెచ్చి, రెండు చేతులకూ పూసి, పాత మెత్తటి గుడ్డ చుట్టినాడు. అన్నం కలిపి తినిపించినాడు. పందొమ్మిదేళ్ళలో అదొకటి జరగలేదు, అదీ జరిగింది.

పొద్దున శరత్ చంద్ర, ఇంకో ఇద్దరు కారులో దిగినారు. గొట్టం చూసినారు. ఇద్దరిలో ముసలాయన ఎర్రటి గడ్డను కడ్డీతో పొడిచి చూసినాడు.

"ఎట్లా జరిగింది సత్తార్ గారూ?" అన్నాడు శరత్ చంద్ర.

"నట్లు సరిగ్గా బిగించలేదు సార్. గాలి లోపలికి పోయింది. తప్పు నాదే."

"పందొమ్మిదేళ్ళ అనుభవం అన్నారు కదండీ," అన్నాడు ముసలాయన.

సత్తార్ తల వంచుకున్నాడు. నేను తలుపు పక్కన, చేతులు కొంగులో దాచుకుని నిలబడి ఉన్నాను. బేరంలో మన మనిషి ఒక మాట అనేసినాక పక్కనుంచి ఇంకో మాట అనకూడదు. అంటే ఇద్దరి మాటా పోతుంది. ఆ కట్టుబాటు నేను ఏనాడూ తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు.

వాళ్ళు మర్యాదగానే పోయినారు. కారు ధూళి అణిగినాక ఆయన లోపలికొచ్చి, దండెం మీది చొక్కా తీసి మడిచినాడు.

"నా పేరు చెప్పింటే ఏమయ్యేది?" అన్నాను.

"పెండ్లాం గొట్టం ఇప్పింది అని చెప్పల్నా? నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వుండిపోదువు గదా."

ఆయన పెట్టె మూసినాడు. తాళం చెవి రెండుసార్లు తిప్పినాడు.

మిగిలిన ఇరవై రోజులు ప్రొద్దుటూరులో ఉన్నాము. ఆయన గోడౌనుకు వచ్చి బస్తాలు సర్దేవాడు. వెచ్చటి బస్తా తగిలితే నన్ను పిలిచేవాడు, తను విప్పేవాడు కాదు. రంగనాయకులు ఒకసారి వచ్చి స్కూటరు సంగతి ఎత్తబోయి, మా ముఖాలు చూసి, చాయ్ తాగి పోయినాడు. అత్త మిగిలిన బూడిద తేటను పారబోయకుండా జాడీలో పోసి అటక మీద పెట్టింది. జులై ఎనిమిదిన ఆయన పోయినాడు. పోయినాక పది రోజులకు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టినానని చెప్పినాడు. రెండేళ్ళు.

ఆగస్టులో ఒక శుక్రవారం నేను ఎర్రగుంట్లలో వీరపునాయునిపల్లె మీదుగా పోయే బస్సెక్కి పులివెందులకు పోయినాను. కాలేజీలో శరత్ చంద్ర గది కనుక్కోవడానికి అరగంట పట్టింది. ఆయన లేచి కుర్చీ వేసినాడు. నేను కూర్చోలేదు.

"ఆ గొట్టం నేనిప్పినా సార్. ఆయన కాదు."

నా అరచేతులు చూసినాడు. "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదమ్మా."

"చెప్పింటే మారునా?"

"కమిటీ మారేది కాదేమో. నేను మారేవాణ్ణి. ఈయనను ఇంక పిలవొద్దని రాసింది నేనే."

"ఇప్పుడు?"

"ఆ మాట కొట్టేస్తాను. మళ్ళీ పిలుస్తారో లేదో మాత్రం నా చేతిలో లేదు."

"మీ చేతిలో ఉండేది చేయండి సార్," అని వచ్చేసినాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వేంపల్లె దాటినాక ఫోన్ మోగింది. శుక్రవారం ఆయనకు సెలవు.

"యాడున్నావు? బస్సు చప్పుడు వినపడతాండాది."

అంతా బాగుండాది అనే మాట నోటిదాకా వచ్చింది. "పులివెందులకు పోయినా," అన్నాను. "సార్‌తో చెప్పొచ్చినా, నేనిప్పినానని."

లైను పోయిందనుకుని ఫోన్ చూసినాను. పోలేదు.

"ఎట్లుండె?" అన్నాడు.

"ఏది?"

"ఇనుము. నువ్వు మూత తీసినప్పుడు."

ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. పక్క సీటులో ఒకామె నిద్రపోతోంది. నేను గొంతు తగ్గించినాను.

"నల్లగా ఉండె. కాటుక మాదిరి. రొంతసేపు ఏమీ లేదు. తర్వాత అంచున ఒక్క గింజ ఎర్రబడె. అది పక్కదాన్ని అంటె, అది ఇంకోదాన్ని. మంట లేదు, చప్పుడు లేదు. అట్లా ఒకటొకటే ఎర్రబడుతా లోపలికి పోయె."

"బాగుండెనా?"

"బాగుండె," అన్నాను. అనకూడని మాట అన్నట్టు కిటికీ వైపు తిరిగినాను.

"నేను ఒక్కసారి గూడా సూడలేదు మైమూనా. పందొమ్మిదేండ్లు. ఈడ అది గోడకు అవతల ఉంటాది. మాకు కనపడేది అంకెలే."

బస్సు మలుపు తిరిగింది. సిగ్నల్ పోతుందేమోనని నేను ఫోనును చెవికి ఇంకా అదుముకున్నాను.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు. "మెల్లగా. మొదటి గింజ యాడ ఎర్రబడె?"

"నా ఎడమచేతి పక్క," అన్నాను.